తాళం మా వంతుకొచ్చిన వారం

మా బిల్డింగు చిన్నది. మూడంతస్తులు, అంతస్తుకి రెండిళ్ళు, అందరికీ కలిపి ఒకటే మెట్లదారి. కింద మెట్లు మొదలయ్యే చోట పక్కకి జరిపే ఇనుప గ్రిల్లు ఉంటుంది. జబ్బు రాకముందు దానికి తాళం వేసిన గుర్తు ఎవరికీ లేదు. తుప్పు పట్టి, సగం తెరుచుకుని, పిల్లలు వేలాడి ఊగడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పడి ఉండేది.

నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని బళ్ళ యూనిఫారాలు కుడతాను. ఆ ఏడాది బళ్ళు మూతపడేసరికి రెండు తానుల నీలం గళ్ళ గుడ్డ మిగిలిపోయింది. ఊరికే పడి ఉండటమెందుకని మాస్కులు కుట్టి అన్ని ఇళ్ళకీ పంచాను. దాంతో డెబ్బై దాటిన మా అత్తయ్య మొదలు కిందింటి ప్రెసిడెంటు గారి దాకా అందరం ఒకే బళ్ళో ఆరో తరగతి చదువుతున్నట్టు కనిపించేవాళ్ళం. నవ్వుకోవడానికి ఆ రోజుల్లో దొరికింది అదొక్కటే.

మిగతాదంతా మీకూ తెలిసిందే. కూరగాయలు ఉప్పునీళ్ళలో వేయడం, పాల పాకెట్లని సబ్బుతో కడగడం, ఎవరైనా తుమ్మితే ఇల్లంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టడం. ఎనిమిదేళ్ళ మా పాప నా ఫోను ముందు కూర్చుని చదువుకునేది. అత్తయ్యకి చెవులు సరిగ్గా వినపడవు. పక్కనే కుక్కరు కూత పెట్టినా తిరిగి చూడదు. మా ఆయనది కరెంటు సబ్‌స్టేషన్లో పని. వారం అక్కడే పడక, వారం ఇంట్లో.

మా పైనింట్లో సిస్టరమ్మ ఉండేది.

పెద్దాసుపత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. ఒక్కతే ఉండేది. పిల్లలు సిస్టరమ్మా అని పిలిస్తే పెద్దవాళ్ళకీ అదే అలవాటైపోయింది. నేను మాత్రం అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను చెల్లీ అనేది. మా పాపకి నాలుగేళ్ళప్పుడు జ్వరం నూట నాలుగు దాటి కళ్ళు తేలేస్తే, మూడు రాత్రులు మా ఇంట్లోనే కూర్చుని తడిగుడ్డ మార్చి మార్చి వేసింది. అత్తయ్యకి షుగరు సూది కూడా రోజూ పొద్దున డ్యూటీకి వెళ్తూ ఆవిడే వేసి వెళ్ళేది.

"మీ కోడలు గుడ్డకి సూది గుచ్చడంలో గట్టిదే పిన్నిగారూ. మనిషి దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణుకుతుంది," అని అత్తయ్య చెవిలో గట్టిగా అరిచి నవ్వించేది.

జబ్బు మొదలయ్యాక ఆవిడ మీద అందరి చూపూ మారింది. ఒక్కసారిగా కాదు. ముందు మెట్ల మీద ఎదురుపడితే గోడకి అతుక్కుని తప్పుకోవడం. తర్వాత ఆవిడ పట్టుకుని ఎక్కిన రెయిలింగు మీద బ్లీచింగు నీళ్ళు. ఆ తర్వాత, సాయంత్రం ఆరు దాటితే గ్రిల్లుకి తాళం వెయ్యాలని, తాళంచెవి వారానికో ఇంట్లో ఉండాలని ప్రెసిడెంటు గారు గ్రూపులో మెసేజి పెట్టారు. కారణం దొంగల భయమట. దొంగలు కూడా బయటికి రావడానికి జంకుతున్న రోజుల్లో! ఆవిడ డ్యూటీ అయ్యేది ఆరింటికి, ఇల్లు చేరేది ఆరున్నరకి. రూలు ఎవరి కోసమో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. నేను కూడా ఆ మెసేజి కింద సరేనని బొటనవేలు బొమ్మ పెట్టాను.

తాళం మా వంతుకొచ్చిన వారం మా ఆయన సబ్‌స్టేషన్లో ఉన్నాడు.

సోమవారం ఆరున్నరకి ఆవిడ కింద నిలబడి, "చెల్లీ, తాళం తీయమ్మా," అంది. వెళ్ళి తీశాను. మంగళవారం కూడా తీశాను. మంగళవారం ఆవిడ మెట్లు ఎక్కుతూ మా గుమ్మం దగ్గర ఆగి, నాలుగడుగుల దూరం నుంచే, "నువ్వున్నావు కాబట్టి సరిపోయింది," అంది. మాస్కు తాళ్ళు రాసుకుని చెవుల వెనక పుండ్లు పడ్డాయి. కొబ్బరినూనె రాసుకో అక్కా అన్నాను గాని, సీసా తెచ్చి ఇవ్వలేదు.

బుధవారం మధ్యాహ్నం నుంచీ వాన. సాయంత్రానికి వీధంతా బూడిదరంగుకి తిరిగింది. దుకాణాల షట్టర్ల మీద నీళ్ళు జారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆరు గంటలకి దిగి తాళం వేసి వచ్చాను. ఆరుంపావుకి ప్రెసిడెంటు గారి ఫోను.

"అమ్మా, ఆమె వార్డులో ఇద్దరు నర్సులకి వచ్చిందట. తెలుసా?"

"తెలీదండీ."

"ఇవాళ తాళం తీయకండి. ఆసుపత్రిలోనే ఎక్కడో ఓ చోట పడుకుంటుంది. వాళ్ళకి పడకలు లేవా?"

"ఈ వానలో మళ్ళీ వెనక్కి ఎలా వెళ్తుందండీ?"

ఆయన చాలా మెత్తగా అన్నారు. "మీ ఆయన గురించి కూడా నలుగురూ అంటున్నారమ్మా. బయట తిరిగొచ్చే మనిషేగా అని. నేనే సర్దిచెప్తూ వస్తున్నా. ఆలోచించుకోండి."

ఫోను పెట్టేశారు. తాళంచెవి నా గుప్పిట్లోనే ఉంది.

ఆరున్నరకి కింద నుంచి పిలుపు వచ్చింది. "చెల్లీ, తాళం తీయమ్మా."

కిటికీ తెర కొంచెం పక్కకి జరిపి చూశాను. గ్రిల్లు ముందు నిలబడి ఉంది. ఆసుపత్రిలో వేసుకునే తెల్ల గౌను, తల మీద టోపీ, మాస్కు. వాన మీద పడుతోంది. పైకి చూస్తోంది.

"చెల్లీ..."

పాప పుస్తకం వదిలేసి లేచింది. "అమ్మా, సిస్టరమ్మ పిలుస్తోంది."

"ష్... నువ్వు కూర్చో."

"తడిసిపోతోందమ్మా."

"మాట్లాడకు. లేమనుకుని వెళ్ళిపోతుంది."

చేసిన పనులన్నిట్లో నేను ఎవరికీ చెప్పుకోలేనిది దాని తర్వాతది. ఇంట్లో లైటు వెలుగుతుంటే లేమని ఎలా అనుకుంటుంది? స్విచ్చు దగ్గరికి వెళ్ళి లైటు ఆపేశాను. ఆపుతున్నప్పుడు మళ్ళీ తెర సందులోంచి చూశాను. ఆవిడ మా కిటికీ వంకే చూస్తోంది. వెలుగు ఆరిపోవడం చూసింది.

ఆ తర్వాత ఇంక పిలవలేదు.

చీకట్లో గోడకి ఆనుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. మళ్ళీ చూసేసరికి గ్రిల్లు ముందు ఎవరూ లేరు. వీధి చివరిదాకా వాన.

ఆసుపత్రికే వెళ్ళి ఉంటుందిలే, అక్కడ నర్సుల గది ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. గురువారం పొద్దున అత్తయ్యకి సూది నేనే వేశాను. రెండుసార్లు తప్పు గుచ్చాను. అత్తయ్య గుమ్మం వంక చూసింది. గురువారమంతా ఫోను చేతిలోకి తీసుకోవడం, పెట్టేయడం. ఏమని చెయ్యను? ఎక్కడున్నావు అక్కా అని అడిగే మొహం ఉండాలి కదా.

శుక్రవారం మధ్యాహ్నం గ్రూపులో ప్రెసిడెంటు గారి మెసేజి. సిస్టరమ్మ ఆసుపత్రిలో ఈ ఉదయం కన్నుమూసింది. ఆమె సేవలు మరువలేనివి. ఆత్మకు శాంతి కలగాలి.

కింద వరసగా దణ్ణాల బొమ్మలు. ఒక్కో ఇంటి నుంచీ ఒక్కో జత చేతులు. నేను కూడా పెట్టాను. పెట్టి, బాత్రూములోకి వెళ్ళి పంపు తిప్పుకుని ఏడ్చాను.

ఆవిడని ఇంటికి తీసుకురాలేదు. ఎవర్నీ చూడనివ్వలేదు. అన్నీ ఆసుపత్రి వాళ్ళే చేశారన్నారు. పైనింటికి ఆవిడ పొద్దున వేసుకెళ్ళిన తాళం అలాగే ఉండిపోయింది.

మా ఆయన ఇంటికొచ్చిన వారం అంతా నిశ్శబ్దంగానే గడిచింది. ఆయనకి లైటు సంగతి చెప్పలేదు. "ప్రెసిడెంటు వద్దన్నాడు, నేను తీయలేదు," అని మాత్రం చెప్పాను. ఆయన కంచం పక్కకి జరిపాడు. "నన్నైతే రానిచ్చారు," అన్నాడు. అంతే.

ఆయన మళ్ళీ డ్యూటీకి వెళ్ళిన రోజు సాయంత్రం మొదలైంది.

నేను మిషను దగ్గర ఉన్నాను. అత్తయ్య మంచం మీద నుంచి, "అమ్మాయ్, ఎవరో పిలుస్తున్నారు. తాళం తీసి రా," అంది.

మిషను ఆపాను. ఏమీ వినపడలేదు. "ఎవరూ లేరత్తయ్యా," అని దగ్గరికెళ్ళి గట్టిగా చెప్పాను.

"సిస్టరమ్మే. సూది వేయడానికొచ్చింది."

చావు కబురు నేను ఆవిడకి రెండుసార్లు చెప్పాను. మర్చిపోయిందేమో అనుకున్నాను. కానీ నా అరుపే సగం వినపడని మనిషికి కింద వీధిలోంచి పిలుపు ఎలా వినపడింది? గోడ గడియారం వంక చూశాను. ఆరున్నర.

రెండో రోజూ అంతే. మూడో రోజు పాప పుస్తకంలోంచి తల ఎత్తింది. నా వంక చూసి, లేచి, ఏమీ అడక్కుండా వెళ్ళి లైటు ఆపేసింది.

"ఎందుకాపావు?"

"పిలుస్తోందిగా. లేమనుకోవాలిగా," అని గుసగుసలాడింది.

నా కూతురికి నేను నేర్పిన పని అది.

మా వంతు అయిపోయినా తాళంచెవి అడగడానికి ఎవరూ రాలేదు. తర్వాతి వంతు ప్రెసిడెంటు గారిది. చెవి ఇద్దామని ఆయన గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఆయన తలుపు జానెడే తీశారు. గడ్డం మాసిపోయింది. మా నీలం గళ్ళ మాస్కు ఇంట్లో కూడా తీయనట్టు మొహానికి అచ్చు పడింది.

"ఇంకో వారం మీ దగ్గరే ఉండనివ్వండమ్మా."

"మీ వంతండీ."

"ఉండనివ్వండి." తలుపు మూయబోయి, ఆగి, గొంతు బాగా తగ్గించి అడిగారు. "సాయంత్రం పూట... మీకేమైనా వినపడుతోందా?"

"లేదండీ," అన్నాను.

"అవునవును. నాకూ లేదు," అని గొళ్ళెం పెట్టేసుకున్నారు.

ఆ సాయంత్రమే నాకూ వినపడింది.

గట్టిగా కాదు. ఎవరో అలిసిపోయి, మొహమాటపడుతూ, మెట్ల కింద నుంచి పిలిచినట్టు. "చెల్లీ..." అన్న ఒక్క మాట. పరుగున కిటికీ దగ్గరికెళ్ళి చూశాను. గ్రిల్లు ముందు ఖాళీ. వాన కూడా లేదు. పొడి నేల. తెర వదిలేసి వెనక్కి తిరిగానో లేదో... మళ్ళీ అదే పిలుపు.

అలా మూడు సాయంత్రాలు. పొద్దంతా బాగానే ఉండేది. వండేదాన్ని, కుట్టేదాన్ని, పాప చేత ఎక్కాలు చెప్పించేదాన్ని. నాలుగు దాటేసరికి చేతులు పని మానేసేవి. గుడ్డ మిషను కింద వంకరపోయేది. ఆరు కొట్టాక దిగి తాళం వేస్తుంటే, ఎవరి మొహం మీదో తలుపు వేస్తున్నట్టే ఉండేది.

ఆ మర్నాడు తాళం వెయ్యకుండా ఉండి చూద్దామనుకున్నాను. వేయకపోతే పిలవాల్సిన పనేముంది? కానీ భయపడి వేసేశాను. దేనికి భయమో అప్పుడు తెలీదు.

ఆరున్నరైంది. పిలుపు వచ్చింది. అత్తయ్య మంచం మీద లేచి కూర్చుని నా వంక చూసింది. "ఎన్నాళ్ళు నిలబెడతావే ఆ మనిషిని?" అంది.

ఆ మాటతో నాలో ఏదో తెగిపోయింది. తాళంచెవి తీసుకున్నాను. పాపని అత్తయ్య దగ్గర కూర్చోబెట్టి, తలుపు బయట నుంచి గొళ్ళెం పెట్టి, మెట్లు దిగాను.

మెట్లదారిలో లైటు మాడిపోయి నెల దాటింది. మార్చడానికి ఎవరూ రాలేదు. పైనుంచి వచ్చే వెలుతురు మొదటి మలుపు దాకే. ఆ కిందంతా చీకటి. బ్లీచింగు వాసన. దాని అడుగున పాత సిమెంటు వాసన. నా చెప్పుల చప్పుడు నాకే ఎక్కువగా వినిపించి, విప్పి చేత్తో పట్టుకున్నాను. గోడ తడుముకుంటూ దిగాను. అరచేతికి గోడ చల్లగా, చెమట పట్టినట్టుగా తగిలింది.

గ్రిల్లు కమ్మీల అవతల వీధి బూడిదరంగులో ఉంది. ఎవరూ లేరు.

"అక్కా..." అన్నాను.

జవాబు లేదు.

తాళం కప్ప చేతిలోకి తీసుకున్నాను. మంచుముక్కలా ఉంది. చెవి దూరలేదు. తిప్పి పెట్టాను. దూరింది. తిప్పాను. ఊడింది. గ్రిల్లు పక్కకి లాగితే కీచుమంటూ మనిషి పట్టేంత సందు తెరుచుకుంది.

"రా అక్కా. తప్పైపోయింది. ఆ రోజే తీయాల్సింది. రా."

పక్కకి జరిగి, గోడకి ఆనుకుని నిలబడ్డాను. ముందు ఏమీ లేదు. తర్వాత గాలి కదిలింది. నా ముందు నుంచి ఏదో మెల్లగా, చాలా మెల్లగా, లోపలికి వచ్చింది. కనపడలేదు. మొహానికి చల్లగా తగిలింది అంతే. ఒక వాసన. అక్క దగ్గర ఎప్పుడూ డెట్టాలు, పౌడరు కలిసిన వాసన ఉండేది. ఇది అది కాదు. తడిబట్టల్ని రోజుల తరబడి మూటగట్టి వదిలేస్తే వచ్చే ముక్కిపోయిన వాసన. వానలో నిలబెట్టింది నేనేగా, అలాగే ఉంటుంది మరి అనుకున్నాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

అడుగుల చప్పుడు లేదు. కానీ ఆ వాసన మెట్లెక్కింది. మొదటి మలుపు... మా గుమ్మం... అక్కడ కాసేపు ఆగినట్టుంది. లోపల పాప ఉంది. తర్వాత ఇంకా పైకి వెళ్ళింది.

పైన తాళం ఊడిన చప్పుడు గాని, తలుపు తెరిచిన చప్పుడు గాని రాలేదు. ఆ మూసిన ఇంట్లో, నేల మీద కుర్చీ జరిగిన చప్పుడు ఒక్కటి వచ్చింది.

మీరు నమ్మరు గాని, ఆ వేళ నేను ఒళ్ళు మరిచి నిద్రపోయాను. ఎన్నో రోజులకి మొదటిసారి. తీయాల్సిన తాళం తీశాను, ఆలస్యమైనా తీశాను అన్న నిమ్మళం. మర్నాడు ఆరున్నరకి పిలుపు రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

పైన మాత్రం ఉండేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక, వీధి నిద్రపోయే వేళ, మా తల మీద కుర్చీ జరిగేది. గది ఈ మూల నుంచి ఆ మూలకి. తర్వాత కిటికీ వైపుకి. తర్వాత నిశ్శబ్దం. అత్తయ్య పైకి చూసి నవ్వుకునేది. "సిస్టరమ్మకి ఇవాళ సెలవేమో," అనేది. నేను కూడా అలాగే అలవాటు పడ్డాను. భయం పోయి, ఒక్కోసారి కుట్టుకుంటూ పైకి చూసి, "అక్కా, పాపకి లెక్కలు రావడం లేదు," అని చెప్పుకునేదాన్ని.

ఒకరోజు పాప మాత్రం నా పక్కన పడుకుని అడిగింది. "అమ్మా, సిస్టరమ్మ నడవదెందుకు? ఎప్పుడూ కుర్చీయే జరుగుతుంది. కాళ్ళ చప్పుడు రాదేం?"

"నిద్రపో," అన్నాను.

దారులు తెరిచాక, ఒక పొద్దున సిస్టరమ్మ అన్న వచ్చాడు. లారీలు బాగుచేసే మెకానిక్కు. ఎంత కడిగినా పోని గ్రీజు గోళ్ళ సందుల్లో ఉంది. చెల్లెలి సామాను తీసుకెళ్దామని రెండు గోనెసంచులు, ఓ పాత దుప్పటి తెచ్చుకున్నాడు. బిల్డింగులో ఎవరూ తలుపు తీయలేదు. నేను తీశాను.

మెట్ల మలుపులో నిలబడి మంచినీళ్ళు తాగుతుంటే ఇంక ఆపుకోలేకపోయాను.

"అన్నయ్యా, మీకో మాట చెప్పాలి. ఆ రోజు తాళం నా దగ్గరే ఉంది. అక్క కింద నిలబడి పిలిచింది. వానలో. నేను తీయలేదు." లైటు సంగతి కూడా చెప్పేశాను. మొదటిసారి ఒక మనిషికి. "తీసుంటే, ఒళ్ళు తుడుచుకుని పడుకునేది. బతికేదేమో."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. కోపం లేదు మొహంలో. ఏదో లెక్క కుదరనట్టు చూస్తున్నాడు.

"ఏ రోజమ్మా?"

"బుధవారం. సాయంత్రం ఆరున్నరకి."

"బుధవారమా?"

"అవును. మంగళవారం తీశాను. బుధవారం తీయలేదు."

ఆయన చొక్కా జేబులోంచి ప్లాస్టిక్కు కవరు తీశాడు. అందులో మడతపెట్టిన ఆసుపత్రి కాగితం. విప్పి నా ముందు పట్టుకున్నాడు. వేలు ఒక చోట పెట్టాడు. చేర్చుకున్న తేదీ, టైము.

"బుధవారం పొద్దున డ్యూటీలోనే పడిపోయిందమ్మా. పదకొండింటికి గొంతులోకి గొట్టం వేశారు. వేసే ముందు తోటి సిస్టరే నాకు ఫోను చేసింది. అప్పటి నుంచి శుక్రవారం పొద్దుటి దాకా కళ్ళు తెరవలేదు. మంచం దిగలేదు." కాగితం మళ్ళీ జాగ్రత్తగా మడిచాడు. "నువ్వు చూసింది ఇంకెవర్నో. మాస్కులేసుకుంటే అందరూ ఒకేలా ఉంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. మనసులో పెట్టుకోకు."

గోడ పట్టుకున్నాను.

ఆయన నన్ను ఓదారుద్దామనే ఇంకో మాట అన్నాడు. "నీ గురించి చెప్పిందమ్మా. మంగళవారం ఫోనులో మాట్లాడుతూ, బిల్డింగు వాళ్ళు గొడవ చేస్తున్నారట కదే, మన ఇంటికి వచ్చెయ్ అన్నాను. ఈ వారం తాళం మా చెల్లి దగ్గరుంది, ఎంత ఆలస్యమైనా తీస్తుంది, దిగులు పడకు అన్నయ్యా అంది."

ఇప్పుడు మీరు అనొచ్చు, ఆవిడ రానే లేదు కదా, నీ తప్పేముంది అని. మా ఆయన కూడా అదే అన్నాడు. కానీ ఆ సాయంత్రం కింద నిలబడింది ఎవరైనా, తెర వెనక నేను చూసింది అక్కనే. అక్కే అనుకుని తాళంచెవి గుప్పిట్లో బిగించాను. అక్కే అనుకుని లైటు ఆపాను. ఆవిడ వచ్చి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలిసిపోయింది. ఎంత ఆలస్యమైనా తీస్తుందని అక్కడ ఒక మనిషి నమ్మి పడుకుంది.

ఇదంతా తర్వాత ఆలోచించింది. ఆ క్షణంలో నాకు తట్టింది వేరే. బుధవారం వచ్చింది అక్క కాకపోతే, తర్వాత రోజూ పిలిచింది కూడా...

నేను గ్రిల్లు జరిపి, తప్పైపోయింది రా అని, లోపలికి రానిచ్చింది ఎవర్ని?

ఆయన అప్పటికే పైకి ఎక్కుతున్నాడు. "నువ్వు కూడా రామ్మా. ఆడవాళ్ళ సామాను, నాకు తెలీదు," అన్నాడు. వద్దన్నయ్యా అనబోయాను. ఏమని వద్దనను? వెనకే వెళ్ళాను.

తాళం బిగుసుకుపోయింది. ఆయన రెండుసార్లు గుద్దితే గాని ఊడలేదు.

ఇల్లంతా దుమ్ము. నేల మీద, బల్ల మీద, గట్టు మీద బోర్లించిన గ్లాసు మీద, అన్నిచోట్లా ఒకే మందాన. ఆయన పాదాలు, నా పాదాలు తప్ప ఇంకే ముద్రా లేదు. దండెం మీద ఉతికి ఆరేసిన తెల్ల గౌను బిర్రుగా ఎండిపోయి ఉంది. ముందుగదిలో ఉన్నది ఒకే కుర్చీ. కిటికీ దగ్గర, వీధి వైపు తిరిగి ఉంది. దాని సీటు మీద కూడా వేలితో రాస్తే పేరు పడేంత దుమ్ము. కాళ్ళ కింద నేల మీద జరిగిన గీత ఒక్కటి కూడా లేదు. నేను వంగి చూశాను. మళ్ళీ చూశాను. రోజూ మధ్యాహ్నం మా తల మీద జరిగిన కుర్చీ...

ఆయన చెల్లెలి బట్టలు ఒక్కోటీ దులిపి సంచిలో సర్దాడు. మధ్యలో ఓ చీర మొహానికి ఆనించుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను. తర్వాత ఆయన సంచి భుజానికెత్తుకుని, "ఇది కింద పెట్టొస్తా, నువ్వు ఆ గిన్నెలు మూటకట్టమ్మా," అని వెళ్ళిపోయాడు.

ఆయన మెట్లు దిగే చప్పుడు తగ్గుతూ పోయింది.

దుప్పటి పరిచి గిన్నెలు పెడుతున్నాను. బయట ఎండ కాస్తోంది. పిల్లలెవరో చాలా రోజులకి వీధిలో బంతి ఆడుకుంటున్నారు. అప్పుడు ముక్కుకి తగిలింది. తడిబట్టల ముక్కిపోయిన వాసన.

తల ఎత్తాను. గదిలో ఎవరూ లేరు. కుర్చీ కదల్లేదు.

కిటికీ అద్దం వంక చూశాను. కింద గ్రిల్లు కనిపించే కిటికీ అది. అద్దం నిండా దుమ్ము. కానీ పైన, పై చట్రానికి దగ్గరగా, ఒక చోట దుమ్ము లేదు. ఎవరో నుదురు ఆనించి కిందికి చూస్తూ నిలబడితే పడే గుండ్రటి జిడ్డు మరక. అక్క పొట్టి మనిషి. నా భుజం దాకా వచ్చేది. నేను అద్దం దగ్గరికెళ్ళి, మునివేళ్ళ మీద లేచి, చెయ్యి పూర్తిగా పైకి చాచాను.

అందలేదు.

ఆ మరక కింద, అద్దం మీద అరచేతంత మేర ఆవిరి పట్టి ఉంది. ఎండ పడుతున్న అద్దం మీద. నేను చెయ్యి దించకుండా, ఊపిరి తీయకుండా చూస్తూ ఉన్నాను. ఆవిరి మెల్లగా చిన్నదైంది... ఇంకా చిన్నదైంది...

మళ్ళీ పెద్దదైంది.